నల్ల పావులతో గెలిచిన స్టెయినిట్జ్



ఈ నెల గొప్పవారి జీవితాలు అనే శీర్షిక కింద రాయమని నాకు చెప్పారు. కొమురం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, అంబేద్కర్ గారి గురించి మన పత్రికలో ముందే చాలామంది రాశారు. నాకంటే బాగా రాశారు. అందుకని నేను ఒక చదరంగం ఆటగాడి గురించి రాస్తున్నాను. ఒక చార్టు చాలదని మేడంను అడిగి రెండు చార్టులు తీసుకున్నాను. నిలబడి చదివితే కాళ్లు గుంజుతాయి, తెలుసు. అయినా చివరిదాకా చదవండి. చివర్లో మీతో ఒక పని ఉంది.

మన హాస్టల్లో ఒకటే చెస్ బోర్డు ఉంది గదా. నల్ల ఒంటె ఒకటి పోయింది, దాని బదులు సీసా మూత పెట్టుకుని ఆడుతున్నాం. ఆదివారం బోర్డు పరవగానే మొదటి కొట్లాట తెల్ల పావుల కోసమే. తెల్లవాళ్లు ముందు ఎత్తు వేస్తారు. నల్లవి వచ్చినోళ్లు ఆడకముందే ఓడిపోయినట్టు ముఖం పెడతారు. నల్లవి వస్తే ఓటమే అని మనందరికీ ఒక నమ్మకం పడిపోయింది. నా పక్క మంచం అమ్మాయి అయితే నల్లవి వస్తే అసలు కూర్చోదు. నేనే మార్చి నా తెల్లవి ఇచ్చేదాన్ని.

లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన చెస్ పుస్తకం ఒకటి దొరికింది. దాంట్లో 1886లో జరిగిన ఒక ఆట ఉంది. అది నల్ల పావులు గెలిచిన ఆట. పీఈటీ సార్ దగ్గర కూర్చుని ఒక్కొక్క ఎత్తూ బోర్డు మీద పెట్టి చూశాను. నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ నల్ల పావులు నడిపినాయన కథే ఇది.

ఆయన పేరు విల్‌హెల్మ్ స్టెయినిట్జ్. 1836 మే నెలలో ప్రాగ్ నగరంలో పుట్టాడు. ప్రాగ్ ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌కు రాజధాని. అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. వాళ్లు యూదులు. యూదులంతా ఊళ్లో ఒకే పేటలో ఉండాలని అప్పట్లో కట్టడి. ఆ పేట ఇరుకు సందుల్లో ఆయన పెరిగాడు. వాళ్ల నాయన దర్జీ పని చేసేవాడు. ఇంటి నిండా పిల్లలు, సంపాదన తక్కువ. మనిషి పొట్టి. ఒక కాలు కుంటు. చిన్నప్పుడు వాళ్ల మత గ్రంథం చదువుకున్నాడు. 12 ఏళ్ల వయసులో చదరంగం నేర్చుకున్నాడు.

1857లో, 21 ఏళ్ల వయసులో, ఇల్లు వదిలి వియన్నా నగరానికి లెక్కలు చదువుకోవడానికి పోయాడు. అక్కడ ఇంజనీరింగ్ లాంటి చదువులు చెప్పే పెద్ద విద్యాలయంలో చేరాడు. రెండేళ్లు చదివాడు. చదువు పూర్తి కాలేదు. ఆ ఊళ్లో కాఫీ హోటళ్లలో బల్లల మీద చదరంగం ఆడేవాళ్లు. పందెం కాసి ఆడితే నాలుగు డబ్బులు దొరికేవి. ఆయన అట్లా ఆడుతూ బతికాడు. 1861లో వియన్నా పోటీలో 31 ఆటలకు 30 పాయింట్లు తెచ్చుకుని మొదటి స్థానం పొందాడు.

ఆ మరుసటి ఏడాది, 1862లో, ఆస్ట్రియా తరఫున లండన్ పోటీకి పంపారు. అక్కడ ఆరో స్థానం వచ్చింది. ఆరో స్థానం వస్తే మనం ఏడ్చుకుంటూ ఇంటికి వస్తాం. ఆయన ఇంటికి రాలేదు. లండన్‌లోనే ఉండిపోయి ఒక్కొక్క మొనగాణ్ణీ పిలిచి ఆడాడు. 1866లో జర్మనీ లెక్కల పంతులు అడాల్ఫ్ అండర్సెన్‌తో మ్యాచ్ పెట్టుకున్నాడు. అప్పట్లో అండర్సెన్‌ను మించినవాడు ఆడేవాళ్లలో లేడని పేరు. 12 ఆటలయ్యేసరికి ఇద్దరికీ ఆరేసి. తరువాత రెండు ఆటలూ స్టెయినిట్జే గెలిచాడు. 8–6. ఒక్క ఆట కూడా డ్రా కాలేదు.

ఇప్పుడు గాంబిట్ అంటే ఏమిటో చెప్పాలి. లేకపోతే ముందు కథ అర్థం కాదు. ఆట మొదట్లోనే ఒక బంటును ఎదుటివాళ్లకు తినమని పెట్టడాన్ని గాంబిట్ అంటారు. ఇటలీ భాషలో కాలు అడ్డం పెట్టి పడేయడం అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. మన భాషలో ఎర అనుకోవచ్చు. వాగులో గాలం వేసేటప్పుడు వానపాము గుచ్చుతాం. చేప వానపామునే చూస్తుంది, గాలాన్ని చూడదు. ఎదుటివాళ్లు బంటును తినే పనిలో ఉండగా మన గుర్రాలు, ఒంటెలు బయటికి వచ్చేస్తాయి. అదీ గాంబిట్ లాభం.

ఆ కాలం వాళ్లకు ఇది మస్తు ఇష్టం. ఎర పెట్టాలి, పావులు ఇచ్చేయాలి, రాజు మీద పడిపోవాలి. ఎర తినకపోతే పిరికివాడని అనుకునేవాళ్లు. స్టెయినిట్జ్ కూడా మొదట్లో అట్లాగే ఆడాడు. కానీ 1873 నుంచి ఆయన ఆట మారింది. ఊరికే రాజు మీద పడితే లాభం లేదని ఆయన తేల్చుకున్నాడు. ముందు చిన్న చిన్న లాభాలు కూడబెట్టాలి. ఒక మంచి గడి, ఎదుటివాళ్ల బలహీనమైన బంటు ఒకటి, తోవ తెరుచుకున్న ఏనుగు ఒకటి. అవన్నీ చాలినంత అయినాకే దాడి చేయాలి. ఇదీ ఆయన కనిపెట్టిన లెక్క.

ఈ ముక్క పుస్తకంలో చదివితే నాకు మొదట ఎక్కలేదు. తరువాత ఇప్పపూలు గుర్తుకొచ్చాయి. మార్చి నెలలో తెల్లవారుజామున మా అమ్మ, నేను ఇప్ప చెట్టు కిందికి పోతాం. ఒక్కో పువ్వు ఏరితే ఏమీ కనిపించదు. పొద్దెక్కేసరికి గంప నిండుతుంది. చెట్టును ఊపితే గంప నిండదు, పచ్చి మొగ్గలు రాలతాయి. స్టెయినిట్జ్ ఆట ఏరడం లాంటిది. అప్పటివాళ్ల ఆట చెట్టును ఊపడం లాంటిది.

ఆయన కొత్త ఆటను చూసి కొంతమంది పిరికి ఆట అన్నారు. ఆయన పత్రికల్లో చదరంగం శీర్షికలు రాసేవాడు. తిట్టినవాళ్లకు అక్కడే గట్టిగా జవాబు రాసేవాడు. నోరు మంచిది కాదని, కోపిష్టి అని పేరు తెచ్చుకున్నాడు. గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు గానీ, ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

ఆ మాటల యుద్ధంలో ఆయనకు ఎదురు నిలిచినవాడు జొహానెస్ జుకర్‌టార్ట్. పోలండ్‌లోని లుబ్లిన్‌లో పుట్టి లండన్ వచ్చినవాడు. 1872లో ఇద్దరూ మ్యాచ్ ఆడితే స్టెయినిట్జ్ 7 గెలిచి 1 ఓడిపోయాడు. మిగిలిన 4 డ్రా. కానీ 1883 లండన్ పోటీలో జుకర్‌టార్ట్ 22 పాయింట్లతో మొదట వచ్చాడు. స్టెయినిట్జ్‌కు 19 పాయింట్లతో రెండో స్థానం. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఊరంతా మాట్లాడుకున్నారు. ఆ ఏడాదే స్టెయినిట్జ్ అమెరికా పోయి న్యూయార్క్‌లో కాపురం పెట్టాడు.

ఆఖరికి 1886 జనవరి 11న న్యూయార్క్‌లో ఇద్దరికీ మ్యాచ్ మొదలైంది. ప్రపంచ చాంపియన్ పదవి కోసం జరిగిన మొట్టమొదటి మ్యాచ్ ఇదే. ఎవరు ముందు 10 ఆటలు గెలిస్తే వాళ్లే చాంపియన్. డ్రాలు లెక్కలోకి రావు. ఒక్కొక్కరి తరఫున 2,000 డాలర్లు పందెం. స్టెయినిట్జ్‌కు 49 ఏళ్లు, జుకర్‌టార్ట్‌కు 43.

మొదటి ఆటలో జుకర్‌టార్ట్‌కు తెల్లవి. మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడిపాడు. నల్ల బంటు ఎదురుగా వచ్చి నిలబడింది. రెండో ఎత్తుకు తెల్లవాడు పక్క బంటును కూడా రెండు గళ్లు జరిపి తినమని పెట్టాడు. దీన్ని క్వీన్స్ గాంబిట్ అంటారు, అంటే మంత్రి వైపు ఎర. స్టెయినిట్జ్ తినలేదు. ఇంకో బంటును వెనక నిలిపి తన బంటుకు కాపు పెట్టాడు. జుకర్‌టార్ట్ ఎడమ పక్క బంట్లన్నీ తోసుకుంటూ వచ్చాడు. ఇవతల నల్ల గుర్రం ఒకటి తన ఇంటి నుంచి బయలుదేరింది. ఒక్కో గెంతూ వేసుకుంటూ బోర్డు అవతలి పక్కకు తిరిగి, ఐదో గెంతుకు తెల్ల రాజు పక్కకే చేరి చెక్ చెప్పింది. రాజు కదలక తప్పలేదు. ఆరో గెంతుకు ఒక బంటును తిని తానూ చచ్చిపోయింది. కానీ రాజు ఇల్లు చెదిరింది. ఆ తెరిచిన తోవలోంచి మిగతా నల్ల పావులు పోయాయి. 46 ఎత్తుల్లో నల్లవే గెలిచాయి.

మొదటి ఆటే గెలిచాడు గదా, ఇంకేం, అన్నీ గెలిచి ఉంటాడని నేను అనుకున్నాను. పేజీ తిప్పితే రెండో ఆట ఓడిపోయాడు. మూడోది ఓడిపోయాడు. నాలుగోది ఓడిపోయాడు. ఐదోది కూడా ఓడిపోయాడు. వరసగా నాలుగు. న్యూయార్క్‌లో ఆటలు అయ్యేసరికి జుకర్‌టార్ట్‌కు 4, ఈయనకు 1.

ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకు ఆగానో చివర్లో చెబుతాను.

తరువాత ఆటలు సెయింట్ లూయిస్ అనే ఊళ్లో పెట్టారు. అది మిసిసిపి నది ఒడ్డున ఉంటుంది. ఆరో ఆటలో స్టెయినిట్జ్‌కు తెల్లవి, గెలిచాడు. ఏడో ఆటలో నల్లవి, గెలిచాడు. ఎనిమిదోది డ్రా. ఇప్పుడు 4–3. తొమ్మిదో ఆట ఫిబ్రవరిలో జరిగింది. నాలుగు ఆదివారాలు నేను పెట్టి చూసిన ఆట ఇదే.

మళ్లీ జుకర్‌టార్ట్‌కే తెల్లవి. మళ్లీ అదే ఎర పెట్టాడు. ఈసారి స్టెయినిట్జ్ నాలుగో ఎత్తుకు ఆ బంటును తినేశాడు. మొదటి ఆటలో వద్దన్న ఎరను తొమ్మిదో ఆటలో ఎందుకు తిన్నాడని సార్‌ను అడిగాను. సార్ చెప్పకుండా ఇంకా ఆడి చూడమన్నారు. ఆరో ఎత్తుకు తెల్ల ఒంటె వచ్చి ఆ నల్ల బంటును తినేసింది. అంటే లెక్క సమానం. మరి ఏం లాభం అనుకున్నాను. అప్పుడు స్టెయినిట్జ్ ఇంకో బంటు కూడా మార్చుకున్నాడు. బోర్డు మధ్యలో తెల్ల బంటు ఒక్కటే మిగిలింది. దానికి ఎడమ వరసలో తోటి బంటు లేదు. కుడి వరసలో తోటి బంటు లేదు. దాన్ని ఒంటరి బంటు అంటారట. ఇంకో బంటు దానికి ఎప్పటికీ కాపు ఉండలేదు. పెద్ద పావులే పని మానుకుని దానికి కాపలా కాయాలి.

స్టెయినిట్జ్‌కు కావలసింది అదే. ఎర కోసం తినలేదు, ఆ ఒంటరి బంటు కోసం తిన్నాడు. మూడు గెంతులు వేసి గుర్రాన్ని తెచ్చి సరిగ్గా ఆ బంటు ముందు గడిలో కూర్చోబెట్టాడు. బంటు ఇంక ముందుకు కదల్లేదు. తెల్లవాళ్ల గుర్రం మధ్యకు వచ్చింది, మంత్రి రాజు వైపు తిరిగాడు, చూసేవాళ్లకు తెల్లవాళ్లే గెలుస్తారని అనిపిస్తుంది. నల్లవాళ్లు మాత్రం తొందరపడలేదు. 17వ ఎత్తుకు నల్ల గుర్రం ఒక తెల్ల గుర్రాన్ని తిన్నది. దాన్ని తినడానికి ఇంకో తెల్ల బంటు పక్కకు జరిగి, ఒంటరి బంటు పక్క వరసలోకి వచ్చింది. ఇప్పుడు రెండు బంట్లు అయ్యాయి. బాగుపడిందని అనుకున్నాను. కానీ ఆ రెండింటికీ అటు ఎవరూ లేరు, ఇటు ఎవరూ లేరు. నల్ల ఏనుగులు రెండూ సరిగ్గా వాటికి ఎదురుగా ఆ రెండు వరసల్లో వచ్చి నిలబడ్డాయి.

జుకర్‌టార్ట్ తన ఏనుగును కుడి పక్కకు తీసుకుపోయి రాజు మీదికి పంపాడు. నల్ల ఒంటె మధ్యలో గట్టిగా కూర్చుంది. 33వ ఎత్తుకు తెల్లవాడు ఓపిక పట్టలేక ఆ రెండింట్లో ఒక బంటును ముందుకు తోశాడు. నల్ల ఏనుగు దాన్ని తినేసింది. ఆట మొదట్లో ఎర పెట్టింది ఏ వరసలోనో, ఈ బంటు పోయింది కూడా ఆ వరసలోనే. మరుసటి ఎత్తుకే ఆ ఏనుగు అదే తోవలో కిందికి దిగి రాజుకు చెక్ చెప్పింది. ఇంక తెల్లవాళ్లకు ఊపిరి ఆడలేదు. 38 ఎత్తులకు జుకర్‌టార్ట్ ఓటమి ఒప్పుకున్నాడు.

అప్పుడు లెక్క 4–4. వరసగా నాలుగు ఓడిపోయినాయన నాలుగు ఆటల్లో సమానం చేశాడు.

మిగిలిన ఆటలు న్యూ ఆర్లియన్స్‌లో జరిగాయి. అక్కడ 11 ఆటల్లో స్టెయినిట్జ్ 6 గెలిచాడు, 1 ఓడిపోయాడు, 4 డ్రా. మార్చి 29న 20వ ఆటలో తెల్లవాటితో తన సొంత గాంబిట్ ఆడాడు. అది ఆయన పేరు మీదే ఉంది. దాంట్లో రాజే ముందుకు నడిచి వస్తాడు. 19 ఎత్తుల్లో గెలిచి ప్రపంచానికి మొదటి చాంపియన్ అయ్యాడు. మొత్తం 10 గెలుపు, 5 ఓటమి, 5 డ్రా. నేను లెక్క వేసి చూశాను. ఆయన గెలిచిన 10 ఆటల్లో 5 నల్ల పావులతో గెలిచినవే. మొదటిది, ఏడోది, తొమ్మిదోది, పదకొండోది, పందొమ్మిదోది. కావాలంటే లెక్క పెట్టుకోండి. తెల్లవాళ్లకు మొదటి ఎత్తు కాబట్టి కొంచెం లాభం ఉంది. లేదని నేను అనను. కానీ కొంచెమే.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. నేను కూడా ముందు ఇక్కడే ఆపాను. తరువాత, జరిగింది దాచిపెట్టి రాస్తే జీవిత కథ ఎట్లా అవుతుందని మళ్లీ రాశాను.

పాపం జుకర్‌టార్ట్ ఆ ఓటమి తరువాత కోలుకోలేదు. 1888 జూన్‌లో 45 ఏళ్లకే లండన్‌లో చనిపోయాడు. అదే ఏడాది స్టెయినిట్జ్ కూతురు ఫ్లోరా కూడా చనిపోయింది. 1892లో భార్య పోయింది. ఈ దుఃఖాల మధ్యనే ఆయన చాంపియన్ పదవి నిలబెట్టుకున్నాడు. 1889లో, మళ్లీ 1892లో, క్యూబాలోని హవానా నగరంలో రష్యా ఆటగాడు చిగోరిన్‌ను ఓడించాడు. మధ్యలో గున్స్‌బర్గ్ అనే ఆయన్ను న్యూయార్క్‌లో ఓడించాడు. 1862 నుంచి 32 ఏళ్లు పెద్ద మ్యాచ్ ఒక్కటి కూడా ఓడిపోలేదు.

1894లో ఇమాన్యుయేల్ లాస్కర్ అనే పాతికేళ్ల కుర్రవాడు వచ్చాడు. స్టెయినిట్జ్‌కు 58. లాస్కర్ 10 గెలిచాడు, ఈయన 5 గెలిచాడు. పదవి పోయింది. 1896 చివర్లో మాస్కోలో మళ్లీ ఆడాడు. ఈసారి 2 మాత్రమే గెలిచి 10 ఓడిపోయాడు. ఆ తరువాత మనసు చెదిరిపోయింది. మాస్కోలోనే మానసిక వైద్యం చేసే ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉంచారు. 1899లో లండన్ పోటీలో 63 ఏళ్ల వయసులో ఆడాడు, బహుమతి రాలేదు. 1900 ఆగస్టు 12న న్యూయార్క్‌లోని మానసిక ఆసుపత్రిలో, చేతిలో డబ్బు లేకుండా, చనిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. అంత గొప్పాయన అట్లా పోవడం ఏమిటి అని మా సార్‌ను అడిగాను. చదరంగం ఆడేవాళ్లకు అప్పుడు జీతం లేదు, పింఛను లేదు, గెలిస్తేనే తిండి అని సార్ చెప్పారు. ఆయన ఇల్లు పేదది, చావు పేదది. కానీ ఆయన కనిపెట్టిన లెక్క పోలేదు. ఆయన పదవి తీసుకున్న లాస్కర్ కూడా ఆయన పద్ధతినే గురువు మాటలాగా తన పుస్తకంలో రాశాడు. ఈ రోజు ఎవరు చదరంగం నేర్చుకున్నా బలహీనమైన బంటు గురించి, మంచి గడి గురించి నేర్చుకోవలసిందే. అది ఆయన పెట్టిన బాటే.

ఆయనతో మొదలైన వరసలో 18వ చాంపియన్ ఎవరో తెలుసా? మద్రాసులో పెరిగిన మన తెలుగు కుటుంబం అబ్బాయి దొమ్మరాజు గుకేష్. 2024 డిసెంబరులో సింగపూర్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్లకే చాంపియన్ అయ్యాడు. ఆఖరిదైన 14వ ఆటలో గెలిచే ఆ పదవి తెచ్చుకున్నాడు. ఆ ఆటలో గుకేష్‌కు వచ్చినవి ఏ పావులు అనుకుంటున్నారు? నల్లవే.

ఇప్పుడు మీతో ఉన్న పని చెబుతాను.

నా పక్క మంచం అమ్మాయి దసరా సెలవులకు ఇంటికి పోయి ఇంకా రాలేదు. ఆమె మంచం మీద ఇప్పుడు బియ్యం సంచులు పెట్టారు. త్రైమాసిక పరీక్షల్లో తనకు నాలుగు సబ్జెక్టులు పోయాయి. మార్కుల కాగితం చూసినప్పటి నుంచి సరిగ్గా అన్నం తినలేదు. తనకు చదువు రాదని, ఇంట్లో ఉంటే పని అన్నా అవుతుందని నాతో అన్నది. మా ఇద్దరి ఇళ్లల్లోనూ బడికి వచ్చిన మొదటి మనుషులం మేమే. రాత్రి లెక్క రాకపోతే ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. ఇక్కడ అడగడానికి ఒకరికి ఒకరం ఉన్నాం. స్టెయినిట్జ్ వరసగా నాలుగు ఆటలు ఓడిపోయిన పేజీ దగ్గర నేను ఆగిపోయింది అందుకే. అక్కడ నాకు తన మార్కుల కాగితం కనిపించింది.

నాలుగు పోయినా మ్యాచ్ అయిపోలేదు. ఇంకా అర్ధ సంవత్సర పరీక్షలు ఉన్నాయి, వార్షిక పరీక్షలు ఉన్నాయి. కానీ ఈ మాట ఇక్కడ గోడ మీద రాస్తే ఊళ్లో ఉన్న తనకు ఎట్లా తెలుస్తుంది?

అందుకని వార్డెన్ మేడం గారికి నా మనవి. తన ఊరి వైపు టీచర్లు ఎవరైనా పోతే వాళ్ల అమ్మానాయనలకు కబురు పంపండి. సంత రోజున వాళ్ల ఊరివాళ్లు మన గేటు ముందు నుంచే పోతారు, వాళ్లతో చెప్పినా చాలు. అక్కలకు నా మనవి. మీలో తన ఊరి పక్క ఊరివాళ్లు ముగ్గురు ఉన్నారు. వచ్చే సెలవుకు పోయినప్పుడు ఒకసారి వాళ్లింటికి పోయి పిలవండి. తొమ్మిదో తరగతి స్నేహితురాళ్లకు నా మనవి. తను వచ్చినాక నాలుగు పోయాయి గదా అని ఎవరూ నవ్వకండి. లెక్కలు నేను చెబుతాను, ఇంగ్లీషు ఎవరైనా చెప్పండి. రోజుకు ఒక్క లెక్క అయినా సరే. ఇప్పపూల మాదిరి.

నేను తొమ్మిదో ఆట పెట్టి చూసినప్పుడు చెప్పాను గదా, మధ్యలో నిలబడ్డ ఆ ఒంటరి బంటు బలం లేనిది కాదు. అది కూడా అన్ని బంట్ల లాంటిదే. పక్కన తోటి బంటు లేదు, అంతే.

తను వచ్చేదాకా బోర్డు నా ట్రంకు పెట్టెలో దాచను, అందరూ ఆడుకోండి. తను వచ్చిన ఆదివారం మాత్రం మా ఇద్దరికీ ఒక గంట ఇవ్వండి. తెల్లవి తనకు ఇవ్వను. నల్లవే ఇస్తాను, సీసా మూతతో సహా. నేను మంత్రి వైపు ఎర పెడతాను. తినాలో వద్దో తనే ఆలోచించుకోవాలి.

నా రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించగలరు. ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని